రాత్రికి రాత్రే బ్యాటరీ తాగేస్తున్నదెవరు?

ఆదివారం తెల్లారకుండా అరసవల్లి దర్శనానికి బయల్దేరుదామని తాళం తిప్పితే టక్ టక్‌మని ఊరుకుంది కారు. ఆ వారంలో మూడోసారి. శ్రీకాకుళంలో మా వీధి చివరి షాపతను చూడకుండానే "బ్యాటరీ పోయింది బాబూ, కొత్తది వేసేద్దాం" అన్నాడు. కొని ఏడాది కూడా కాలేదు! ఫుల్ ఛార్జ్ చేసి, కారులోంచి విప్పి పక్కన పెడితే మర్నాటికీ తగ్గకుండా నిండుగా 12.6 వోల్టులు ఉంది. అంటే దొంగ కారులోనే ఉన్నాడు.

కరెంటు కొలిచే మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో పెట్టి, నెగటివ్ టెర్మినల్‌కీ దాని కేబుల్‌కీ మధ్య కలిపాను. (అలా ఉండగా పొరపాటున స్టార్ట్ చేశారో, మీటర్‌లో ఫ్యూజు ఎగిరిపోతుంది.) కారులోని కంప్యూటర్లు నిద్రపోవాలని అరగంట ఆగాను. ఆపేసిన కారు లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల (అంటే 0.05 ఆంపియర్ల) లోపు ఉండాల్సింది ఏకంగా 1.8 ఆంపియర్లు!

ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోతే, స్టీరియోది తీయగానే 0.03కి పడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సంక్రాంతికి పెట్టించిన ఆంప్లిఫయర్. ఫ్యూజు మళ్లీ పెట్టి కాసేపాగి సీటు కింద చెయ్యి పెడితే, పాటల్లేకపోయినా డబ్బా గోరువెచ్చగా ఉంది. బిగించినతను దాన్ని ఆన్ చేసే రిమోట్ వైరుని, ఎప్పుడూ కరెంటుండే పసుపు వైరుకి చుట్టేసి టేపు వేశాడు. విప్పి, స్టీరియో ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటొచ్చే దాని నీలం-తెలుపు వైరుకి కలిపాను. ఖర్చు టేపు చుట్ట ఒక్కటే. అరసవల్లికి మాత్రం ఆ రోజు ఆటోలోనే వెళ్లాం.