పైకడుపు నొప్పికి స్కానింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బొడ్డు పైన, పక్కటెముకల కింద నొప్పి మొదలైతే మన ఇళ్లలో కొందరు "గ్యాసే, అదే తగ్గుతుంది" అని సోడా తాగి పడుకుంటారు, ఇంకొందరు భయపడిపోయి నేరుగా డయాగ్నస్టిక్ సెంటర్‌కి వెళ్లి పొట్ట మొత్తానికి సీటీ స్కాన్ తీయమంటారు. రెండూ ప్రమాదమే. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన ఆ స్కాన్‌లో అన్నీ కనపడతాయని లేదు. ఏ జబ్బు అనుమానమో డాక్టర్ చెయ్యి పెట్టి చూసి, రక్తపరీక్షలు చూసి తేల్చాకే ఏ స్కాన్ అన్నది తేలాలి.

అసలు స్కాన్ కంటే ముందు ఈసీజీ. గుండెపోటు కొందరిలో ఛాతీ నొప్పిగా రాదు, కడుపు పైభాగంలో మంటలాగా, బరువుగా, వికారంగా వస్తుంది, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో, ఆడవాళ్లలో. చెమటలు పడుతున్నా, ఆయాసం వస్తున్నా స్కానింగ్ క్యూలో కూర్చోకండి, ఎమర్జెన్సీకి వెళ్లండి. మొదటి ఈసీజీ బాగానే ఉందన్నా అనుమానం పోకపోతే మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిన్నదా అన్నది చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు, దానికి విసుక్కోవద్దు.

నొప్పి కుడివైపు పక్కటెముకల కింద ఉండి, నూనె ఎక్కువున్న భోజనం తర్వాత పెరిగి, కుడి భుజం వెనక్కి పాకుతుంటే గాల్‌బ్లాడర్‌లో (పిత్తరసం నిలవ ఉండే సంచిలో) రాళ్లున్నాయేమోనని అనుమానం. దానికి మొదట తీయాల్సింది మామూలు అల్ట్రాసౌండే. "ఇంత చిన్న స్కాన్ చాలా, సీటీ వద్దా" అని అడుగుతుంటారు. కొన్ని రాళ్ల సాంద్రత పిత్తరసం సాంద్రత లాగే ఉంటుంది కాబట్టి సీటీలో అవి కలిసిపోయి కనపడవు, అవే అల్ట్రాసౌండ్‌లో నీడతో సహా స్పష్టంగా దొరుకుతాయి. పైగా పొట్ట మీద తిప్పే ప్రోబ్‌ని సరిగ్గా గాల్‌బ్లాడర్ మీద పెట్టి నొక్కి, "ఇక్కడేనా అన్నిటికంటే ఎక్కువ నొప్పి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి మొహమాటం లేకుండా జవాబు చెప్పండి, ఇన్ఫెక్షన్ ఉందా లేదా అన్నది తేల్చడానికి రాయి ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం. అందుకే స్కాన్ చేసేవాళ్లకి చెప్పకుండా ముందే నొప్పి ఇంజెక్షన్ చేయించుకుని వెళ్లొద్దు.

పరగడుపున రమ్మంటే నిజంగా పరగడుపునే వెళ్లాలి, 6 నుంచి 8 గంటలు. ఏమైనా తింటే గాల్‌బ్లాడర్ ముడుచుకుపోతుంది, పాలు పోసిన టీ తాగినా ఇబ్బందే. బీపీ మాత్ర కాసిన్ని మంచినీళ్లతో వేసుకోవచ్చు. ఇన్సులిన్, షుగర్ మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడిగే, లేకపోతే ఖాళీ కడుపుతో షుగర్ పడిపోతుంది, ఇలాంటివాళ్లు పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకోవడం మేలు. జ్వరం, తీవ్రమైన నొప్పి ఉంటే పరగడుపు కోసం ఆగకండి.

ఇక రిపోర్టులో చాలామంది చదవకుండా వదిలేసే లైన్ ఒకటుంది: గ్యాస్ అడ్డం రావడం వల్ల ప్యాంక్రియాస్ (జీర్ణాశయం వెనకుండే క్లోమగ్రంథి) సరిగా కనపడలేదు అని. దాని అర్థం ప్యాంక్రియాస్ బాగుందని కాదు, చూడలేకపోయామని. కింద మాత్రం నార్మల్ స్టడీ అని ఉంటుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు! నొప్పి వీపులోకి పొడుస్తూ, ముందుకి వంగితే కాస్త తగ్గుతూ, వాంతులు కూడా ఉంటే ఆ లైన్ డాక్టర్‌కి వేలు పెట్టి చూపించండి. ప్యాంక్రియాస్ వాపుకి లైపేజ్ రక్తపరీక్ష ముందు ఉపయోగపడుతుంది. గ్రంథి ఎంత దెబ్బతిన్నదీ మొదటి రోజు సీటీలో పూర్తిగా తెలియదు, దాదాపు 72 గంటలు గడిచాక తీస్తే బాగా తెలుస్తుంది, కాబట్టి వెంటనే సీటీ తీయలేదని డాక్టర్‌తో గొడవపడొద్దు.

కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తుంటే రాయి పిత్తనాళంలోకి జారిందేమో చూడాలి. అల్ట్రాసౌండ్‌లో నాళం కింది భాగం తరచూ దొరకదు, అప్పుడు పిత్తనాళాల్ని చూపించే ఎంఆర్ఐ స్కాన్, అంటే ఎంఆర్‌సీపీ రాస్తారు. దీనికి రేడియేషన్ లేదు, మామూలుగా ఇంజెక్షనూ అక్కర్లేదు. పేస్‌మేకర్, చెవి ఇంప్లాంట్, పాత ఆపరేషన్ క్లిప్పులు ఏమున్నా లోపలికి వెళ్లకముందే చెప్పాలి.

అల్సర్, గ్యాస్ట్రైటిస్ అల్ట్రాసౌండ్‌తో తేలవు. వాటికి నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూసే ఎండోస్కోపీనే. బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, నల్లటి విరేచనం అవుతున్నా నార్మల్ స్కాన్ పట్టుకుని ఇంట్లో కూర్చోకండి.

మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి మాత్రలు మింగేవాళ్లకి ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుంటే పేగుకో, జీర్ణాశయానికో రంధ్రం పడి ఉండొచ్చు. నిలబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రేలో డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కింద గాలి కనపడుతుంది, అందులో కనపడకపోయినా సీటీలో దొరకొచ్చు. ఇలాంటప్పుడు సెంటర్‌కి కాదు, సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి.

సీటీ అవసరమైతే భయపడొద్దు, అవసరం లేకపోతే అడిగి తీయించుకోవద్దు. పొట్ట సీటీ ఒకసారి తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్, అంటే మూడు నాలుగేళ్లలో ప్రకృతి నుంచి సహజంగా మనకి తగిలేంత. సీటీలో అవయవాలు స్పష్టంగా కనపడటానికి నరంలోకి డై ఎక్కించే ముందు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు చూపించండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర 48 గంటలు ఆపమంటారు, మీ అంతట మీరు ఆపొద్దు. ఇదివరకు డై పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి. గర్భం ఉందేమో అన్న అనుమానం కాస్త ఉన్నా చెప్పండి, అప్పుడు అల్ట్రాసౌండ్, అది చాలకపోతే డై లేని ఎంఆర్ఐ చూస్తారు.

రిపోర్టులో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, చిన్న సిస్ట్ (నీటి తిత్తి) కనిపిస్తే నొప్పికి కారణం అదేనని తీర్మానించుకోకండి. అనుకోకుండా బయటపడిన, ఏ బాధా పెట్టని గాల్‌బ్లాడర్ రాళ్లకి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఫిల్ములు, సీడీ కూడా పట్టుకెళ్లండి. చీటీ మీద ఉట్టి "పొట్ట స్కాన్" అని ఉంటే నొప్పి ఎక్కడ, ఎన్ని రోజులుగా, జ్వరం, కామెర్లు, పాత ఆపరేషన్లు ఏమున్నాయో రెండు లైన్లు రాయించుకోండి. రాయకపోతే స్కాన్ బల్ల మీద పడుకున్నప్పుడు మీరే చెప్పండి, వాళ్లు తొందరలో ఉన్నా సరే.