ఇంటి కర్బన లెక్క వేయడం ఎలా? బాధ్యతను పంచడం ఎలా?

2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించినప్పటి నుంచి, వాతావరణ మార్పులో తమ ఇంటి వాటా ఎంతో తెలుసుకోవాలనుకునేవారు తిరుపతిలో చాలామంది కనబడుతున్నారు. అయితే వారు వేసే లెక్కలు ఎక్కువగా ప్లాస్టిక్ సంచి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతున్నాయి. సంచి మానడం మంచిదే, దానివల్ల కాలువలు పూడకుండా ఉంటాయి. కానీ భూమిని వేడెక్కిస్తున్నది ప్రధానంగా మనం కాల్చే ఇంధనం, దాని నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ కాబట్టి లెక్క అక్కడే మొదలు కావాలి.

కావలసినవి ఒక పొడవాటి నోటుపుస్తకం, పెన్సిలు, ఏడాది కరెంటు బిల్లులు, గ్యాసు బుకింగు సందేశాలు, పెట్రోలు బంకు రశీదులు. ఫోనులోని ఆప్‌లు వద్దు. అవి నాలుగు ప్రశ్నలు అడిగి, ఎవరివో సగటు అంకెలు మన పేరున వేస్తాయి. బిల్లులో ఉండేది మాత్రం మనం నిజంగా వాడినదే. లెక్క ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే శ్రద్ధ తగ్గకముందే ఏసీలు తిరిగే నెలలు పుస్తకంలోకి ఎక్కుతాయి.

గుణకారం సులభం. కరెంటు యూనిట్లను 0.7తో, పెట్రోలు లీటర్లను 2.3తో, డీజిలు లీటర్లను 2.7తో గుణిస్తే వెలువడిన కార్బన్ డయాక్సైడ్ కిలోల్లో వస్తుంది. 14.2 కిలోల సిలిండరు ఒక్కోదానికి 42 కిలోలు వేసుకోవచ్చు. బియ్యం, పాలు ఈ పుస్తకంలోకి తేవద్దు. వరిమళ్ల నుంచి, పశువుల నుంచి భూమిని వేడెక్కించే మరో వాయువు మీథేన్ వెలువడే మాట నిజమే అయినా ఇంట్లో కూర్చుని దాన్ని కొలవలేము. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారులో ఒక్కసారి చెన్నై వెళ్లివస్తే దాదాపు ఒక సిలిండరంత కర్బనం వెలువడుతుందని ఈ దశలోనే తెలిసిపోతుంది.

ఇక తరువాతి దశలోనే దాదాపు అందరూ తప్పు చేస్తారు. వచ్చిన మొత్తంలో బాధ్యత ఎవరిదో తేల్చాలి, అందుకు పేజీని నిలువుగా రెండు వరుసలు చేయాలి: మన చేతిలో ఉన్నది, మన చేతిలో లేనిది.

మొదటి తప్పు మొత్తాన్ని తలల లెక్కన భాగించడం. ఐదుగురున్న ఇంట్లో ఒక్క గదిలోనే ఏసీ తిరుగుతుంటే, ఆ కరెంటులో ఐదో వంతును హాల్లో ఫ్యాను కింద పడుకునే అవ్వ పేరున రాయడం అన్యాయం. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు రెండు టన్నులే, ప్రపంచ సగటు అందుకు రెట్టింపు పైనే, కాబట్టి మనకు బాధ్యత లేదని చెప్పేవారూ ఇదే తప్పు చేస్తున్నారు; రెండు కార్లున్న ఇల్లు ఆ సగటు వెనుక దాక్కుంటుంది. బాధ్యత అందరిదీ అయినా అందరిదీ ఒకే స్థాయిలో ఉండదని 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం దేశాల విషయంలో అంగీకరించింది. ఒకే కప్పు కింద ఉన్నవారికీ అదే న్యాయం వర్తించాలి.

రెండో తప్పు అంతా మన నెత్తినే వేసుకోవడం. మనకొచ్చే కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచి రావడం మనం తీసుకున్న నిర్ణయం కాదు. ప్రతి మనిషీ తన కర్బన వాటా లెక్కించుకోవాలనే ప్రచారాన్ని 2000ల మధ్యలో ప్రకటనలతో విస్తృతంగా నడిపినది బీపీ అనే చమురు సంస్థ. అంతమాత్రాన లెక్క పనికిరానిది కాదు గానీ, రెండో వరుస లేని లెక్కను మాత్రం నేను అంగీకరించను. ఇక అంతా కంపెనీలదే, ప్రభుత్వాలదే అని మొదటి వరుసను ఖాళీగా వదిలేయడం మూడో తప్పు.

ప్రతి పద్దు దగ్గరా ఒకే ప్రశ్న అడగాలి: ఇంకో దారి ఉండగా దీన్ని ఎంచుకున్నామా? తిరుమలకు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తుండగా ఒక్కరే కారులో కొండెక్కితే ఆ పెట్రోలు మొదటి వరుసలోనిది. తెల్లవారుజామున పాల క్యాన్లతో బైకు మీద కేంద్రానికి వెళ్లే రైతు పెట్రోలు, వేలూరు ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లిన కారు పెట్రోలు, సాయంత్రం దాటితే బస్సు లేని ఊరివారి పెట్రోలు రెండో వరుసలోకి వెళతాయి. ఈ విభజన ఒంటరిగా చేయకూడదు. మన ప్రయాణం మనకు ఎప్పుడూ తప్పనిసరిగానే తోస్తుంది, అది కాదని చెప్పగలిగినవారు ఎదురుగా ఉండాలి. పెన్సిలు అడిగింది ఇందుకే. ఒక్క పూటలో ముగించవద్దు. రాత్రికి పక్కన పెట్టి మర్నాడు మళ్లీ చదివితే కొన్ని పద్దులు వరుస మారతాయి.

చివరగా మొదటి వరుసలో పెద్దవైన మూడు పద్దులకు మాత్రమే గీత గీసి, వచ్చే ఏడాదికి వాటినే తగ్గించాలి. రెండో వరుసలో ఒకటి ఎంచుకుని సంబంధిత కార్యాలయానికి రాయాలి. బస్సు వేళల గురించైతే డిపోకు రాయవచ్చు. సొంత మిద్దె ఉన్నవారికి 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల సౌరఫలకాలకు రూ.78,000 రాయితీ ఉంది కాబట్టి, వారి కరెంటు పద్దు ఇకపై మొదటి వరుసలోనే ఉండాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు అదే మాట యజమానికి రాసి, నకలును ఆ పేజీకే అంటించుకోవాలి.