తాటిబెల్లం గట్టిపడాలంటే కుండ దగ్గరే జాగ్రత్త

గోదావరి డెల్టాలో చేలగట్ల మీద, కాలవగట్ల మీద తాటిచెట్లను తరతరాలుగా గీస్తున్న కుటుంబాలకు ఏ చెట్టు ఎప్పుడు పారుతుందో తెలుసు. ఆ నేర్పు కల్లుతో ఆగిపోకూడదు, బెల్లానికీ అదే కావాలి. అదను జనవరి నుంచి మే దాకా. పోతుతాడు (మగ తాటిచెట్టు) గెలల్ని ముందు కొన్ని రోజులు కర్రల మధ్య నొక్కి మెత్తబరచి, తర్వాత కొసను పూటపూటా రేకంత పల్చగా గీయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది.

బెల్లం చెడిందంటే ముందు కుండనే చూడండి. పాత కుండ గోడల్లో దాగిన ఈస్టు తగిలితే పొద్దెక్కేసరికి నీరా, అంటే ఇంకా పులియని తాటి తీపిరసం, కల్లవుతుంది. పైగా అందులోని చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోతుంది. అలాంటి రసాన్ని ఎంత కాచినా అచ్చు కట్టదు, జిగటగానే ఉంటుంది. అందుకే కుండను వేన్నీళ్లతో కడిగి, మంట మీద కాచి, ఆరాక లోపల తడిసున్నం పల్చగా పూయాలి. సాయంత్రం కట్టి, తెల్లవారకముందే దించాలి. దించగానే పులుపును రంగుతో చూపే పీహెచ్ కాగితం ముంచి చూడండి: 7 కన్నా తగ్గితే పులుపు మొదలైనట్టే, దాన్ని మిగతా దాంట్లో కలపొద్దు. సున్నం మరీ ఎక్కువైనా బెల్లం నల్లబడి చేదెక్కుతుంది. కాసేపు కదపకుండా ఉంచి, తేటను మాత్రం పల్చటి గుడ్డలో వడగట్టండి.

కిలో బెల్లానికి సుమారు 8 నుంచి 10 లీటర్ల నీరా పడుతుంది. వెడల్పాటి పెనంలో పోసి, మొదట పెద్ద మంట మీద కాస్తూ పైకి తేలిన మడ్డి తీసేయండి. పొంగు వస్తే ఆముదం రెండు చుక్కలు చాలు. పాకం చిక్కబడ్డాక మంట తగ్గించి, తెడ్డు ఆపకుండా తిప్పాలి, లేకపోతే అడుగంటి మాడు వాసన మొత్తానికీ పడుతుంది. థర్మామీటర్ ఉంటే 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించండి. లేకపోతే చల్లటి నీళ్లలో చుక్క వేసి చూడండి, వేళ్ల మధ్య ఉండ కట్టాలి. దించాక రంగు తేలేదాకా చిలికి, తడిపిన కొబ్బరి చిప్పల్లో పోయాలి.

డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ, వానాకాలంలో ఈ బెల్లం నీరు కారుతుంది. పూర్తిగా ఆరాకే మూత బిగుతైన డబ్బాలో పెట్టండి. అచ్చు కట్టని పాకాన్ని పారేయొద్దు, సీసాలో పోసుకుంటే పానకానికీ అట్లలోకీ బాగుంటుంది.