అల్లం సోడాకు గ్యాస్ పట్టకపోతే తప్పు ఈస్ట్‌దేనా?

తిరుపతిలో ఎండలు ముదిరితే మా ఇంట్లో అల్లం సోడా మొదలు. అల్లం, చిత్తూరు బెల్లం, నిమ్మరసం, చిటికెడు డ్రై ఈస్ట్ (బెల్లాన్ని తిని గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవి, ఎండబెట్టిన గింజల్లా దొరుకుతుంది). చెడినప్పుడల్లా ఈస్ట్‌ను తిట్టుకుని కొత్త ప్యాకెట్ కొనేవాణ్ని. సగంసార్లు తప్పు నాదేనని ఆలస్యంగా తెలిసింది.

రెండు రోజులైనా గ్యాస్ పట్టలేదు

ముందు ఈస్ట్ బతికుందో లేదో చూడండి. అరకప్పు గోరువెచ్చటి నీళ్లలో చెంచా చక్కెర కలిపి, పైన చెంచా ఈస్ట్ చల్లండి. 10 నిమిషాల్లో నురగ పొంగి బ్రెడ్డు వాసన వస్తే ప్యాకెట్‌లోని ఈస్ట్ బాగానే ఉంది, సోడాలో వేసినదాన్ని బహుశా వేడే చంపేసి ఉంటుంది. సుమారు 55 డిగ్రీలు దాటితే అది బతకదు. కాగే పాకంలో ఎవరూ వేయరు గానీ, మేడ మీది ట్యాంకు సంగతి మర్చిపోతాం. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ నీళ్లలో కుండ నీళ్లు కలపండి. మణికట్టు మీద చుక్క వేసుకుంటే కాలినట్టు అనిపించకూడదు.

నురగ అసలు రాలేదా? పారేయండి. అన్నట్టు, ఒకసారి కొట్టులో ఈస్ట్ అడిగితే బేకింగ్ పౌడర్ ఇచ్చారు, నేనూ చూసుకోకుండా వాడేశాను. డబ్బా మీది పేరు చదవండి.

పోయిన నెల బాగా పొంగిన ప్యాకెట్ ఇప్పుడు నీరసించింది

గింజలు ఉండకట్టాయంటే తడి తగిలినట్టే. ప్యాకెట్‌కు రబ్బరు బ్యాండు వేసి ఫ్రిజ్ తలుపులో పెట్టడం, తడి చెంచా ముంచడం, చల్లటి డబ్బాను పొయ్యి పక్కన తెరిచి ఉంచడం... ఈ మూడూ నేను చేసినవే. చల్లటి డబ్బాలోకి ఆవిరి గాలి దూరితే లోపల చెమ్మ పడుతుంది. బాగా ఆరిన చిన్న గాజు సీసాలో పోసి, బిగుతుగా మూతపెట్టి, ఫ్రిజ్ లోపలి వైపు ఉంచండి. కావలసినంత తీసుకుని వెంటనే లోపల పెట్టేయండి. తెరిచిన ఈస్ట్ ఫ్రిజ్‌లో 4 నెలలు, ఫ్రీజర్‌లో 6 నెలలు నిలుస్తుంది. మూత మీద తేదీ రాయండి.

బాటిల్ రాయిలా గట్టిపడింది

ఎండకు తోడు ఈస్ట్ ఎక్కువ పడింది. 2 లీటర్లకు పావు చెంచా చాలు. గాజు సీసాలు వాడొద్దు, పేలితే ప్రమాదం. కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిలైతే నొక్కి చూడొచ్చు. చలికాలంలో రెండు రోజులు పట్టేది మే నెలలో ఒక రాత్రికే అయిపోవచ్చు. గట్టిపడగానే ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ ఈస్ట్ చావదు, నెమ్మదిస్తుందంతే. అందుకే రెండు మూడు రోజుల్లో తాగేయాలి, మూత కొద్దికొద్దిగా తిప్పాలి. కొంచెం ఆల్కహాల్ కూడా పుడుతుంది కాబట్టి పిల్లలకు నేను ఇవ్వను.

అడుగున దిగిన మడ్డిని మళ్లీ వాడొచ్చా?

వాడొచ్చు. వేడినీళ్లతో కడిగిన సీసాలో, మూత వదులుగా పెట్టి, ఫ్రిజ్‌లో ఓ వారం. బిగిస్తే గ్యాస్ ఊరుకోదు. బూజు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా పారబోయండి. నేనైతే దాయను, చిటికెడు ఈస్ట్ కోసం ఆ టెన్షన్ దేనికి?