ఏళ్లతరబడి నిలిచిపోయిన స్పోర్ట్స్ కారు: మొదటి స్టార్ట్‌కు ముందు

కారు దొరికిన ఉత్సాహంలో కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పేయకండి. ఇంజిన్ పాడయ్యేది సరిగ్గా అక్కడే. కడగకముందే ఫొటోలు తీసి, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు రాసుకోండి.

స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో 10-15 మి.లీ. తుప్పు వదిలించే నూనె పోసి రెండు మూడు రోజులు నాననివ్వండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్‌ను తిప్పే ఇరుసు చివర ఉండే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పండి. కదలకపోతే బలవంతం చేయొద్దు. తుప్పుతో సిలిండర్ గోడకు అతుక్కున్న పిస్టన్ రింగులు పుటుక్కున విరుగుతాయి. మళ్లీ నూనె పోసి, వెంట్రుకవాసి కదిలినా చాలనుకుని అటూ ఇటూ ఊపుతూ ఉండండి. ఈ ఓపికే ఇంజిన్‌ను కాపాడుతుంది. వాల్వ్ కవర్ తీసి ప్రతి వాల్వూ వెనక్కి వచ్చి మూసుకుంటోందా చూడండి. తెరుచుకుని ఇరుక్కున్నది పిస్టన్‌కు తగిలి వంగిపోవచ్చు. టైమింగ్ బెల్టు (వాల్వులను పిస్టన్లతో జతగా కదిలించేది) రబ్బరుదైతే స్టార్టర్ ముట్టుకోకముందే మార్చేయండి.

ట్యాంకులో వార్నిష్ వాసన వస్తే పెట్రోలు జిగురైపోయినట్టే. ట్యాంకు దించి కడగాలి.

బ్రేకు రబ్బరు గొట్టాలు పైకి బాగున్నా లోపల ఉబ్బి, పెడల్ వదిలాక కూడా చక్రాన్ని పట్టేస్తాయి. అన్నీ మార్చండి.

చివరగా ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌ను 10 సెకన్ల చొప్పున తిప్పండి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాకే ప్లగ్గులు బిగించండి.