మన కంప్యూటర్ మరమ్మతు, 4వ పాఠం: పెట్టినా మళ్లీ పెట్టమనే అప్‌డేట్

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. వారం రోజులపాటు మీ కంప్యూటర్‌లో కనిపించిన ప్రతి విండోస్ అప్‌డేట్ పేరు, నంబరు, తేదీ కాగితం మీద రాసుకోమన్నాను. రాసినవాళ్లు ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి. రాయనివాళ్లు ఈ పాఠం సగానికి వచ్చేసరికి కాగితం వెతుక్కుంటారు, నాకు తెలుసు.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గరి సందులో ఒక జిరాక్స్ దుకాణం ఉంది. కోచింగ్ పిల్లలకు ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారు. దాని యజమాని నన్ను పిలిచి ముందు కంప్యూటర్ చూపించలేదు, గోడ మీది క్యాలెండర్ చూపించారు. తొమ్మిది తేదీల మీద ఎర్ర పెన్నుతో టిక్కులు ఉన్నాయి.

"ఇన్నిసార్లు పెట్టాను సార్. ఒకటే నంబరు. పొద్దున తెరిస్తే మళ్లీ అక్కడే కూర్చుని ఉంటుంది."

మీరు బటన్ ఎన్నిసార్లు నొక్కారో విండోస్ లెక్క పెట్టుకోదు. వెతికిన ప్రతిసారీ యంత్రంలో నిజంగా ఉన్న భాగాలు ఏ వెర్షన్‌లో ఉన్నాయో చూస్తుంది. ఉండవలసిన వెర్షన్ లేకపోతే అప్‌డేట్‌ను మళ్లీ మీ ముందు పెడుతుంది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్నలు రెండే: వచ్చింది నిజంగా పాతదేనా? పాతదే అయితే లోపల ఎందుకు నిలవలేదు?

మొదటి ప్రశ్నను చాలామంది దాటేస్తారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి, అందులో అప్‌డేట్ హిస్టరీ చూడండి. కేబీ2267602 అనే నంబరు అక్కడ బోలెడుసార్లు కనిపిస్తుంది. అది విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌కు వచ్చే వైరస్ నిర్వచనాల, అంటే వైరస్‌లను గుర్తుపట్టే జాబితాల, నంబరు. రోజుకు పలుమార్లు వస్తుంది, నంబరు మారదు, పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న వెర్షన్ మాత్రం మారుతుంది. అంటే అది మళ్లీ వచ్చిన పాత అప్‌డేట్ కాదు, ఆ రోజుకు కొత్తది. హానికర సాఫ్ట్‌వేర్‌ను తొలగించే పనిముట్టుగా వచ్చే కేబీ890830 కూడా అంతే, ఎప్పుడు విడుదలైనా అదే నంబరుతో వస్తుంది. మీ కాగితం మీద ఈ రెండూ ఉంటే ఇప్పుడే కొట్టేయండి. సగం మంది సమస్య ఇక్కడే తీరిపోతుంది. వాళ్లలో కొందరు ఈ పాటికి విండోస్ మొత్తం తీసి మళ్లీ ఎక్కించి ఉంటారు, అదే బాధ.

నెలవారీ పెద్ద అప్‌డేట్ సంగతి వేరు. అది అమెరికా లెక్కన ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది. మనకు అప్పటికి రాత్రి పదిన్నర, అక్కడి శీతకాలంలో అయితే పదకొండున్నర. అందుకే మన దుకాణాల్లో, ఆఫీసుల్లో అది బుధవారం పొద్దున ప్రత్యక్షమవుతుంది. ఇది లోపల నిలిచిందో లేదో తేల్చడానికి ఒక సులువు ఉంది. విండోస్ మీటను నొక్కి, 'విన్‌వర్' అని ఇంగ్లిష్‌లో (డబ్ల్యు ఐ ఎన్ వి ఇ ఆర్) టైపు చేసి ఎంటర్ కొట్టండి. చిన్న కిటికీ తెరుచుకుని బిల్డ్ నంబరు, అంటే మీ విండోస్ ఏ మెట్టు మీద ఉందో చెప్పే నంబరు, చూపిస్తుంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ అయితే అది 26100తో మొదలవుతుంది. ప్రతి నెలా పెరిగేవి చుక్క తర్వాతి అంకెలు. అప్‌డేట్ పెట్టకముందు, పెట్టి రీస్టార్ట్ చేశాక ఆ అంకెలు రాసుకోండి. మారకపోతే అది నిలవలేదు. స్క్రీన్ మీద ఎన్ని ఆకుపచ్చ గుర్తులు చూసినా సరే.

దుకాణంలో ఆ అంకెలు మారలేదు. సరే, రెండో ప్రశ్న.

ఏ మీటా నొక్కకుండా ఆయన పక్కన స్టూలు వేసుకుని రాత్రి దుకాణం మూసేదాకా కూర్చున్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్న అన్ని ఆదేశాలకన్నా ఆ స్టూలే ఎక్కువసార్లు పనికొచ్చింది. పొద్దున ఇన్‌స్టాల్ నొక్కారు. రీస్టార్ట్ చేయమని అడిగింది. ఎదురుగా పిల్లలు వరస కట్టి ఉన్నారు, తర్వాత చూద్దామని వదిలేశారు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్‌డౌన్ నొక్కారు. కంప్యూటర్ ఆపవద్దని చెబుతూ స్క్రీన్ మీద అంకె నెమ్మదిగా ఎక్కుతోంది. పద్నాలుగు, ఇరవై రెండు, ముప్ఫై. ఆయన చెయ్యి అప్పటికే షట్టర్ పక్కనున్న మెయిన్ స్విచ్ మీద ఉంది. టక్కుమని ఆపేశారు. కరెంటు బిల్లు భయమో, షార్ట్ సర్క్యూట్ భయమో, ఇరవై ఏళ్ల అలవాటు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ ఆన్ చేసి, అది తెరుచుకోవడానికి ఎలాగూ ఆలస్యమవుతుందని ఇరానీ చాయ్‌కి వెళ్లారు. నేను మాత్రం కదలలేదు. నీలి తెర మీద రెండు నిమిషాలపాటు ఒక మాట కనిపించింది: అప్‌డేట్ పూర్తి కాలేదు, మార్పులను రద్దు చేస్తున్నాం. తొమ్మిది రోజులుగా యంత్రం నిజం చెబుతూనే ఉంది, ఆయన చాయ్ తాగే సమయంలో. హిస్టరీలో కూడా ఆ నంబరు పక్కన 'ఫెయిల్డ్' అనే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం గిరాకీ తగ్గాక షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కించాను. ఈ రెండూ ఒకటి కావు. త్వరగా తెరుచుకోవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ అంటే విండోస్ మూలభాగాన్ని డిస్కు మీద దాచిపెట్టి పడుకోవడమే. మర్నాడు ఆ దాచిన చోటు నుంచే లేస్తుంది. దానివల్ల కొన్ని అప్‌డేట్‌లు పూర్తికాకుండా మిగిలిపోతాయి. రీస్టార్ట్ చేస్తే అంతా కొత్తగా మొదలవుతుంది. అరగంటలో చుక్క తర్వాతి అంకెలు మారాయి. ఆయన క్యాలెండర్ మీద పదో టిక్కు పెట్టబోయి, ఆగి, సున్నా చుట్టారు.

రీస్టార్ట్‌తో కూడా నిలవకపోతే ముందు సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. తర్వాత విండోస్ ఫైళ్లు చెడ్డాయేమో పరీక్షించాలి. ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో, తెరవండి. కింది ఆదేశాలను ఫోనులో చెప్పి రాయించినట్లు చదువుకుని, ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయండి. మొదటిది: డి ఐ ఎస్ ఎమ్, ఖాళీ, ఏటవాలు గీత (/) ఆన్‌లైన్, ఖాళీ, ఏటవాలు గీత క్లీనప్ అడ్డగీత (-) ఇమేజ్, ఖాళీ, ఏటవాలు గీత రిస్టోర్‌హెల్త్. మధ్యలో చాలాసేపు కదలనట్లు కనిపించవచ్చు, కంగారుపడి మూసేయకండి. అది ముగిశాకే రెండోది: ఎస్ ఎఫ్ సి, ఖాళీ, ఏటవాలు గీత స్కాన్‌నౌ. వరస ముఖ్యం. రెండోది బాగుచేయడానికి మంచి ఫైళ్లు తెచ్చుకునే గిడ్డంగినే మొదటిది సరిచేస్తుంది.

విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చేయమని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అది చెడ్డ వైద్యం కాదు, కానీ మొదటి వైద్యం కాకూడదు. దాంతో హిస్టరీ మొత్తం ఖాళీ అవుతుంది. ఏది ఫెయిలైందో, ఎప్పుడైందో, ఏ సంకేతంతో అయిందో అన్న సాక్ష్యం పోతుంది. తప్పదనుకుంటే ముందు ఆ పేజీని ఫోనుతో ఫోటో తీసుకోండి. విండోస్ అప్‌డేట్, బిట్స్ అనే రెండు సర్వీసులను (తెర వెనక నడిచే పనులను) ఆపి, పేరు మార్చి, మళ్లీ నడిపించండి.

ఇవన్నీ చేసినా పోనివి కొన్ని ఉంటాయి, తప్పు మీది కాకపోవచ్చు. 2024 జనవరి 9న విండోస్ 10కు కేబీ5034441 వచ్చింది. లోపం సంకేతంలో చివరి అంకెలు 80070643. ఎన్నిసార్లు నొక్కినా ఫెయిలయ్యేది, మళ్లీ వచ్చేది. అది వెళ్లవలసిన చోటు సీ డ్రైవ్ కాదు, విండోస్ పాడైతే బాగుచేసుకోవడానికి డిస్కులో కనబడకుండా ఉండే రికవరీ భాగం. అందులో 250 ఎంబీ ఖాళీ కావాలి, చాలా యంత్రాల్లో అంత లేదు. సీ డ్రైవ్‌లో 200 జీబీ ఖాళీగా ఉన్నా ఉపయోగం లేదు. మార్గం ఆ భాగాన్ని పెంచడమే, అదీ ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులో దాచుకున్నాకే. అసలు రికవరీ భాగమే లేని యంత్రానికి ఆ అప్‌డేట్ అవసరమే లేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది, అయినా అది అక్కడా వచ్చి తలుపు తట్టింది.

నెలవారీ అప్‌డేట్ ఒకటి మొండికేస్తే ఇంకో ఊరట ఉంది. వచ్చే నెలది పాతవాటిని కూడా కలుపుకునే వస్తుంది. నెలాఖరులో ఉంటే ఒక్కోసారి నేను రాత్రంతా కుస్తీ పట్టను, రెండో మంగళవారం మర్నాటి దాకా ఆగుతాను.

వచ్చే పాఠం డ్రైవర్ల గురించి. ప్రింటర్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్, విండోస్ తెచ్చే డ్రైవర్ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే ఎవరి మాట వినాలో చూద్దాం. ఈలోగా మీ బిల్డ్ నంబరు ఈ రోజు ఒకసారి, రెండో మంగళవారం మర్నాడు రీస్టార్ట్ అయ్యాక ఒకసారి రాసి ఉంచండి. ఆ కాగితంతోనే మొదలుపెడతాం.