ఖరీదైన వాచీ కొనే ముందు: అమ్మే మనిషికి వాచీ తెలుసా?

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ షోరూమ్‌లకు శని, ఆదివారాల సాయంత్రం వెళ్లకండి. వారం మధ్యలో, షాపు తెరవగానే వెళ్తే నింపాదిగా మాట్లాడే మనిషి దొరుకుతాడు. ఆ షాపు అధీకృత డీలరేనా అన్నది బ్రాండ్ సైట్‌లో ముందే చూసుకోండి.

ధర ఎత్తకముందే ఇవి అడగండి:

• రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య తేదీ మార్చొచ్చా? చాలా ఆటోమేటిక్ వాచీల్లో (చేతి కదలికతో కీ ఇచ్చుకునేవి) ఆ వేళ తేదీ చక్రం గేరుకు పట్టుకుని ఉంటుంది, బలవంతంగా మారిస్తే గేరు పన్ను విరగొచ్చు. చూడకుండానే "ఏం కాదు సార్" అంటే ఇంకొకరిని పిలవమనండి. "ఏ మూవ్‌మెంటో (లోపలి యంత్రం) చూసి చెప్తాను" అన్నవాళ్లను నమ్మొచ్చు.

• వాచీ మీద 30 మీటర్లని రాసుంటే ఈత కొట్టొచ్చా? కొట్టకూడదు, నీటి తుంపరల వరకే.

• సర్వీసు ఇక్కడేనా, వేరే ఊరికి పంపుతారా? ఎన్ని వారాలు?

లగ్గుల (పట్టీ తగిలించే కొమ్ముల) కొనలు మీ మణికట్టు దాటితే, పనితెలిసిన సేల్స్‌మన్ తనే చిన్న సైజు తీసి పెడతాడు. అలాంటి మనిషిని వదులుకోకండి.

వారంటీ కార్డు మీద కొన్న తేదీ ఉండాలి, సీరియల్ నంబరు కేసు (వాచీ బాడీ) మీదిదానితో కలవాలి. 2 లక్షలు, ఆపైన నగదు కుదరదు. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన వాచీకి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మీ దగ్గర వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) ఉంది, పాన్ కార్డు దగ్గరుంచుకోండి.